ఫల్గుణ తెచ్చిన టూ-ఇన్-వన్

నా పేరు బుధు. జి.మాడుగుల సంతబయలు దాటగానే కుడిచేతి వైపున్న రేకుల కొట్టు నాదే. ఇరవై ఏళ్ళుగా రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తున్నాను. పార్టు దొరకలేదని అబద్ధమాడింది మాత్రం ఒక్క మనిషితోనే. ఆ మనిషి పేరు ఫల్గుణ. తప్పంతా నాదే అయినా సరే, ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో మా కొండల్లో కాఫీ డబ్బు చేతికొచ్చిన ప్రతివాడూ మొదట కొన్నది టూ-ఇన్-వన్. రెండు స్పీకర్లు, మధ్యలో కేసెట్టు తలుపు, పైన పట్టుకోవడానికి పిడి. కరెంటు లేని ఊళ్ళవాళ్ళు కూడా పెద్ద బ్యాటరీలు ఎనిమిది వేసి, సెట్టు భుజాన పెట్టుకుని సంతకి దిగేవారు. పాడేరులో ఒక రేడియో కొట్లో పని నేర్చుకుని నేను సొంత కొట్టు పెట్టింది ఆ రోజుల్లోనే. రెండువేల సంవత్సరం దాటాక సీడీలు వచ్చిపడ్డాయి. విశాఖపట్నం కొట్లవాళ్ళు టేపు తిప్పే బెల్టులు, పాట పట్టే హెడ్డులు తెప్పించడం మానేశారు. అడిగితే, ఏ కాలంలో ఉన్నావయ్యా అని నవ్వేవారు. నవ్వుకోండి, నాకేం? నేను ఊరూరా తిరిగి చచ్చిన సెట్లు పోగుచేశాను. ఒక ఇంట్లో సెట్టు డొల్లలో కోడిపెట్ట పొదుగుతోంది. ఆ ఇంటి ముసలమ్మ తవిటమ్మ, "పిల్లలు దిగేదాకా దాన్ని ముట్టుకోకు" అంది. మూడు వారాలు ఆగి, మళ్ళీ కొండెక్కి మోటారు తెచ్చుకున్నాను. బుధు దగ్గరికి వెళ్ళిన సెట్టు పలకకుండా తిరిగి రాదని పేరు. ఆ పేరంటే నాకు అన్నం కంటే ఎక్కువ.

2003లో, కాఫీ పళ్ళ కోత అయిపోయిన నెలలో, ఫల్గుణ వచ్చాడు. పై కొండ ఊరివాడు. నా ఈడే. తువ్వాలులో చుట్టి తెచ్చిన సెట్టుని బల్ల మీద పసిబిడ్డని దింపినట్టు దింపాడు. జపాను సరుకు. పదేళ్ళు వాడినా ఒక్క బటన్ ఊడలేదు. అది చూసి మొదట నాకు ముచ్చటేసింది.

"పాట సాగిపోతన్నాది అన్నా. లోపల కేసెట్టు ఉన్నాది, దాన్నే ఏసి సూడు. బేగి సెయ్యి," అన్నాడు.

విప్పి చూస్తే బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. మోటారు కూడా నీరసించింది. తాత్కాలికంగా సైకిలు ట్యూబు నుంచి సన్నటి రింగు కోసి తగిలించి కేసెట్టు నొక్కాను. ఎవరో మూలుగుతున్నట్టు మోటు గొంతు వచ్చింది. మోటారు వెనక చిన్న కన్నం ఉంటుంది. అందులో సన్న స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వేగం పెరుగుతుంది. తిప్పాను. మూలుగు కాస్తా ఆడగొంతు అయింది. ఇంకొంచెం తిప్పాను. నా చెయ్యి ఆగిపోయింది. అది మా ఆవిడ అచ్చియమ్మ గొంతు.

అనుమానమేం లేదు. పాట మొదలవకముందు ఫల్గుణే అంటున్నాడు టేపులో, "అచ్చీ, పాడు పాడు, తిరుగుతన్నాది," అని. చైత్రంలో మా కొండల్లో చేసుకునే ఇటుకల పండగ పాట అది. పండగ రోజుల్లో ఆడపిల్లలు ఒక గట్టున, మగపిల్లలు ఎదుటి గట్టున నిలబడి, పాటలో ప్రశ్న వేస్తే పాటలోనే జవాబు చెప్పాలి. నీ కొండకి వస్తే నాకేం పెడతావు, తేనె పెడతావా, గంజి పెడతావా అని అడుగుతోంది అచ్చియమ్మ. ఏడు నిమిషాలు అడిగింది.

మా పెళ్ళికి ముందు పాడిన పాట. అందులో తప్పేముంది? ఏమీ లేదు. ఒళ్ళు మండటానికి తప్పే ఉండాలా? అప్పటికి పదేళ్ళ కాపురంలో అచ్చియమ్మ మా ఇంట్లో పాడగా నేను వినలేదు. పాడమని నేనూ అడగలేదు. అప్పటికి మూడేళ్ళ క్రితం ఆమెకి మెడలో గడ్డకి విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు పక్కింటివాళ్ళని పిలవాలన్నా చప్పట్లు కొడుతుంది. నాకు దక్కింది ఆ బొంగురు గొంతు. పాడే గొంతేమో వాడి పెట్టెలో ఉంది.

తరవాతి సంతకి ఫల్గుణ వచ్చాడు.

"ఏటన్నా, అయ్యిందా?"

"బెల్టు దొరకనేదు," అన్నాను.

అప్పటికి ఆ సైజు బెల్టులు రెండు నా సొరుగులోనే ఉన్నాయి. ఆ పై వారం మోటారు దొరకలేదన్నాను. ఆ పై వారం రోలరు. పాపం, ప్రతిసారీ నమ్మి, తలూపి, ఎనిమిది మైళ్ళు ఎక్కి వెళ్ళిపోయేవాడు. వాడు కొండమలుపు తిరిగాక నేను తలుపు ఓరగా వేసి, సౌండు తగ్గించి పాట పెట్టుకునేవాడిని. రోజూ. ఏం వింటున్నానో నాకే తెలిసేది కాదు. ఒకరోజు బాగుందని వినేవాడిని, ఒకరోజు వాడి కోసం అంత బాగా పాడాలా అని వినేవాడిని.

ఇంకో దిక్కుమాలిన సంగతి చెప్పాలి. సెట్టుని చెడగొట్టి ఉంచడం నా చేత కాలేదు. చేతులు ఊరుకోవు కదా. నాలుగో వారానికి అసలు బెల్టు వేశాను. తవిటమ్మ ఇంటి నుంచి తెచ్చినటువంటి మంచి మోటారు ఇంకొకటి వెతికి బిగించాను. హెడ్డు తుడిచాను. అచ్చియమ్మ గొంతు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు వచ్చింది. పద్దెనిమిదేళ్ళ గొంతు. నా చేతులతో నేనే దాన్ని వాడి కోసం తయారుచేస్తున్నానని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

ఇంట్లో ఊరికే గొడవపడేవాడిని. కూరలో ఉప్పు లేదనేవాడిని, ఉంటే ఎక్కువైందనేవాడిని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, "ఫల్గుణ తెలుసా నీకు?"

"ఏ ఫల్గుణ?" అంది. అంతలోనే గుర్తొచ్చి, "ఓ, ఆ టేపు గుంటడా," అని నవ్వింది. ఆ నవ్వుతో నాకు అన్నం సయించలేదు.

ఆరో వారం ఫల్గుణ కొట్టు ముందు చతికిలబడ్డాడు. "సెట్టు అవ్వకపోతే పోనీ అన్నా. ఆ కేసెట్టు మాత్రం జాగర్త. అది పోతే మళ్ళీ రాదు," అన్నాడు. లేచి వెళ్ళబోతూ, "వొదిన గొంతు ఎలాగున్నాది?" అని కూడా అడిగాడు.

నా పెళ్ళాం గొంతుతో నీకేం పనిరా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "వచ్చే సంతకి ఇచ్చేస్తాను పో," అన్నాను.

వాడు వెళ్ళగానే కేసెట్టు బయటికి తీశాను. పాట మీద ఇంకేదీ రికార్డు అవ్వకుండా, ఫల్గుణ వెనకనున్న చిన్న ప్లాస్టిక్ పలక విరిచేసి ఉంచాడు. పలక లేకపోతే రికార్డు బటన్ దిగదు. ఆ కన్నం మీద ఏదైనా అంటిస్తే దిగుతుంది. వైర్లకి చుట్టే నల్ల టేపు ముక్క చింపి అంటించాను. కేసెట్టుని పాట మొదటికి తిప్పి, రికార్డు, ప్లే బటన్లు రెండూ కలిపి నొక్కాను. మిట్టమధ్యాహ్నం, సంత మంచి జోరు మీదుంది. ఏడు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. మధ్యలో ఒకసారి దగ్గొస్తే దగ్గాను. అయిపోయాక గుండెల మీద బరువు దిగినట్టే అనిపించింది. అబద్ధం ఎందుకు, ఆ వారమంతా హాయిగా నిద్రపట్టింది.

తరవాతి సంతనాడు ఫల్గుణ వచ్చేసరికి అచ్చియమ్మ కూడా కొట్లోనే ఉంది, నాకు అన్నం కేరియరు తెచ్చి. వాడు ఆమెని చూసి గబగబా లోపలికొచ్చాడు.

"మంచిదైంది వొదినా, నువ్వే ఉన్నావు. ఆపరేషనులో నీ గొంతు పోనాదని మా ఆడది సెప్పినాది. ఆ పిల్ల పాట మన కేసెట్టులో ఉన్నాది కదా, తీసికెళ్ళి ఇనిపించు, మన దగ్గిరెందుకు అన్నాది. అందుకే అన్న సేత సెట్టు బాగుచేయిత్తన్నాను. కేసెట్టు నువ్వే ఉంచీసుకో," అన్నాడు.

అచ్చియమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. చీర చెంగుతో చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చి, స్పీకరు దగ్గర చెవి పెట్టింది. ఫల్గుణే బటన్ నొక్కాడు.

సంత గోల వచ్చింది. ఎవడో చింతపండు బేరమాడుతున్నాడు. కోడి అరిచింది. నా దగ్గు.

"పాత కేసెట్టు. పోయుంటాది," అన్నాడు ఫల్గుణ చివరికి. వాడి మొహం పాలిపోయింది.

"అవును, పాత కేసెట్టు," అన్నాను నేను.

వాడు సెట్టు తువ్వాలులో చుట్టుకుని, "ఏటనుకోకు వొదినా," అని వెళ్ళిపోయాడు. అచ్చియమ్మ చేతిలో కేసెట్టు ఉండిపోయింది. అటూ ఇటూ తిప్పి చూసింది. వెనకనున్న నల్ల టేపు ముక్క దగ్గర ఆమె వేలు ఆగింది. పదేళ్ళుగా ఈ కొట్లో మెలుగుతున్న మనిషి. అదెందుకు అంటిస్తారో నేను చెప్పక్కర్లేదు.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎన్నిసార్లు ఇన్నావు?" అంది.

"రోజూ."

"ఎన్నాళ్ళు?"

"ఆరు వారాలు."

"నేను ఒక్కసారీ ఇననేదు," అంది. "పాడిన రోజు బేటరీలు అయిపోనాయి. మళ్ళీ సంతకి ఇనిపిత్తానన్నాడు. ఈలోపు మనకి పెళ్ళి కుదిరినాది, నేను ఆ సంతకి ఎల్లనేదు."

ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"రోజూ ఇన్నావు కదా. పాడు," అంది.

పాట మొత్తం నాకు నోటికి వచ్చేసింది. పాడాను. కొట్టు ముందు నుంచి పోయేవాళ్ళు ఆగి చూశారు. ఏడు నిమిషాలూ ఆమె నా నోటి వంకే చూస్తూ వింది.

"నా గొంతు ఇలాగే ఉండేదా?"

"కాదు."

"మరెలాగుండేది?"

"బాగుండేది," అన్నాను.

"బాగుండేదని ఆ రోజు గట్టు మీద అందరూ అన్నారు," అంది అచ్చియమ్మ. "ఎలాగుండేదో సెప్పు."