మామయ్యకు తనిఖీ భయం

ఆయన్ని ఇంటిల్లిపాదీ వణుకుడు మామయ్య అనడానికి కారణం ఒక్కటే. విమానాశ్రయంలో తనిఖీ అంటే ఆయనకు పైప్రాణాలు పైనే పోయేవి. మిగతా విషయాల్లో భయమన్నది ఎరగని మనిషి. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్‌. గాలివానకు తీగలు తెగిపడి, ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చున్నప్పుడు ఈయన ఈల వేసుకుంటూ పైకెక్కేవాడు. అలాంటివాడికి "బెల్టు తీసి ట్రేలో పెట్టండి" అనేసరికి ముచ్చెమటలు పోసేవి.

ప్రయాణం దగ్గరపడిందంటే ఇంట్లో రిహార్సల్సు మొదలు. వంటింటి గుమ్మమే యంత్రం. దాంట్లోంచి ఆయన చేతులు చాపుకుని నడిచి వస్తే, అత్తయ్య టార్చిలైటుతో తల నుంచి కాళ్ళ దాకా పరీక్షించాలి.

"ఏమే, జేబులో తాళంచెవి ఉండిపోయింది. నన్ను పట్టుకుపోతారంటావా?"

"తాళంచెవికి ఎవరూ పట్టుకుపోరండీ."

"మరి ఈ కట్టుడు పన్ను?"

"దాన్ని కూడా ట్రేలో పెట్టమంటే అప్పుడు చూద్దాం. ముందు పొయ్యి దగ్గర్నుంచి జరగండి."

ఒకసారి నీళ్ళ సీసా లోపలికి పనికిరాదన్నారని అక్కడే నిలబడి గటగటా సీసా అంతా తాగేశాడట. "ఇంకా నీళ్ళేమైనా ఉన్నాయా?" అని తనిఖీ మనిషి అడిగితే పొట్ట చూపించి, "అన్నీ ఇందులోనే ఉన్నాయి సార్, నన్ను వదిలేస్తారా?" అన్నాడట. అత్తయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా మేనకోడలు పడీపడీ నవ్వేది.

ఈసారి మాత్రం నవ్వే పరిస్థితి లేదు. అత్తయ్యకు ఛాతీకి ఆపరేషన్‌ అయినప్పటి నుంచి దంపతులిద్దరూ దూరాన ఉన్న పెద్దాసుపత్రికి విమానంలో తిరుగుతున్నారు. మొన్న తీసిన స్కానింగు చూసి డాక్టరు, "ఫోనులో చెప్పేది కాదు, ఇంట్లోవాళ్ళలో ఇంకొకరిని వెంటబెట్టుకుని రండి" అన్నాడు. ఆ ఇంకొకరు మేనకోడలే. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది.

పొద్దుటి నుంచి ముసురు. విమానాశ్రయానికి కారులో బయల్దేరారు. అత్తయ్య శాలువా ఒంటికి గట్టిగా చుట్టుకుని అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. చిక్కి సగమైంది మనిషి. డాక్టరు ఏం చెబుతాడో ముగ్గురికీ ఎంతో కొంత తెలుసు. తెలియనట్టు నటించడమే ఆ ప్రయాణమంతా.

తనిఖీ వరసలో నిలబడగానే మామయ్య మొదలెట్టాడు.

"ఏమే, వాడు నన్నే చూస్తున్నాడు."

"మీరు వాణ్ణే చూస్తున్నారు కాబట్టి. తల తిప్పండి."

"బెల్టు రావట్లేదే!"

"ఇటు తిరగండి. చిన్నపిల్లలు నయం." అత్తయ్య వంగి బెల్టు లాగింది, గడియారం విప్పింది, జేబులు తడిమి చిల్లర తీసింది. వెనకవాళ్ళు విసుక్కుంటుంటే, "ఆయనకి భయమండీ, కాస్త ఓపిక పట్టండి" అని సర్దిచెప్పింది. మేనకోడలికి సిగ్గుతో తల తీసేసినట్టయింది, లోపల ఒళ్ళు మండింది. జబ్బుపడ్డ మనిషి చేత ఇంత చాకిరీనా!

ఆడవాళ్ళ వరస వేరు. మేనకోడలు ముందుగా తెరచాటుకు వెళ్ళి బయటపడింది. అత్తయ్య ఇంకా వరసలోనే, అటు తిరిగి నిలబడి ఉంది. మేనకోడలు మామయ్య కోసం చూసి, కనబడుతున్నది ఆయనేనా అనుకుంది.

మామయ్య యంత్రంలోంచి పార్కులో షికారు చేస్తున్నట్టు నడిచి వచ్చాడు. బూట్లు తొడిగాడు, చకచకా బెల్టు పెట్టుకున్నాడు. పక్కనెవరో ముసలాయన తడబడుతుంటే ఆయన సంచీ కూడా అందించాడు. నేరుగా తెర దగ్గరున్న తనిఖీ అమ్మాయి దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ శాలువా ఆవిడకి ఛాతీకి ఆపరేషన్‌ అయింది. ఇంకా నొప్పి. చెయ్యి కాస్త మెల్లగా వెయ్యండి. ఏమైందని మాత్రం అడక్కండి. పరాయివాళ్ళకి చెప్పుకోవడం ఆవిడకి చచ్చేంత కష్టం."

ఆ అమ్మాయి తలూపింది. మామయ్య వెనక్కొచ్చి తెరవైపే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి తెర కదిలింది. ఆయన చటుక్కున బెల్టూ బూట్లూ ఊడదీసి, ఎడమ బూటు కుడి కాలికి తొడగడం మొదలుపెట్టాడు.

అత్తయ్య పాలిపోయిన మొహంతో బయటికొచ్చింది. ఇంకొక్క క్షణముంటే ఏడ్చేసేదే.

"ఏమే! నా కాలు వాచిపోయినట్టుందే, బూటు పట్టట్లేదు!"

అత్తయ్య ఆగింది. చూసింది. "అయ్యో రామా, అది ఆ కాలిది కాదండీ!" అంటూ గబగబా వచ్చి కింద కూర్చుంది. బూటు మార్చేసరికి మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "ఈయనతో ఇదే గొడవ. ఉండండి, మీకు మంచినీళ్ళు తెస్తా" అని పెద్ద పనిమీద వెళ్ళినట్టు వెళ్ళింది.

మేనకోడలు పక్కన కూర్చుంది. "నేనంతా చూశాను మామయ్యా."

"చూస్తే చూశావు. నోరు మూసుకో."

"ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

ఆయన ఊడదీసిన బెల్టు మళ్ళీ పెట్టుకున్నాడు. "మొదటిసారి ఇక్కడే నిలబడిపోయింది అమ్మడూ. ఎవరెవరో తడుముతారు, నేను రాను, ఈ వైద్యమూ వద్దు, ఇంటికెళ్ళిపోదాం అంది. ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడు నా బెల్టు నిజంగానే ఇరుక్కుంది. దాన్ని లాగుతూ, నన్ను తిడుతూ, తన సంగతి మరిచిపోయి లోపలికి నడిచేసింది. ఆ రోజు నుంచి నా బెల్టు ఇరుక్కుంటూనే ఉంది."

"ఇదంతా ఎందుకు, 'నీకు తోడుగా నేనున్నాను' అని అత్తయ్యకి నేరుగా చెప్పొచ్చుగా?"

"చెబితే ఏమొస్తుంది? మీ అత్తకి ధైర్యం లేక కాదు. బోలెడుంది. ఇంకొకరికి కావాలంటేనే బయటికి తీస్తుంది."

అత్తయ్య గ్లాసుతో తిరిగొచ్చింది. "ఏంటి మామా కోడళ్ళ గుసగుసలు?"

మేనకోడలే అందుకుంది. "మామయ్యకి డాక్టరు గదిలోకి రావాలంటే భయమట అత్తయ్యా. బయటే కూర్చుంటాడట."

"అనుకున్నాను!" అంది అత్తయ్య. "అక్కడ భయపడేందుకేముంది? ఆయనేం చెబుతాడో చెబుతాడు, మనం వింటాం. ఇదిగో, ఇప్పట్నుంచే ఆ చెయ్యి నువ్వు పట్టుకో, ఈ చెయ్యి నేను పట్టుకుంటాను. ఇద్దరం మధ్యలో పెట్టుకుని లోపలికి తీసుకెళ్దాం."

మేనకోడలు తనవైపున్న మామయ్య చెయ్యి పట్టుకుంది. వెచ్చగా, గట్టిగా, నిబ్బరంగా ఉంది. అత్తయ్య పట్టుకున్న రెండో చెయ్యి మాత్రం గజగజా వణికిపోతోంది.