మరియమ్మ మోసిన నా నింద

పన్నెండేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నేనెరగను. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

ఎమ్మిగనూరులో మాదొక చిన్న నాటక బృందం. సుంకన్న రాసి ఆడేవాడు, మరియమ్మ పాడేది, నేను డప్పు కొట్టేవాణ్ణి. ఆస్పరి దారిలో ఒక ఊళ్లో కూలీల భూమి భూస్వాములు లాక్కుంటే, అడిగినవాళ్లను పోలీసులు స్టేషన్లో కొట్టారు. సుంకన్న దాని మీదే నాటకం కట్టాడు. ఆదోనిలో పత్తి మార్కెట్ బయట ఆడినప్పుడు, అతని ఎస్సై వేషం చూసి జనం విరగబడి నవ్వారు. అంత భయంలో బతికేవాళ్లు అలా నవ్వగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడో రోజు నన్నూ మరియమ్మనూ స్టేషన్‌కు పిలిపించి, విడివిడిగా కూర్చోబెట్టారు. నన్నెవరూ కొట్టలేదు. ఇప్పటికీ సిగ్గు అదే. నా తమ్ముడి పేరు కేసులో రాస్తామన్నారు, అంతే. సుంకన్న రాళ్లు వేయమని జనాన్ని రెచ్చగొట్టాడన్న కాగితం మీద సంతకం పెట్టాను. నాటకం ఆడిన రోజు ఒక్క రాయి కూడా పడలేదు. తమ్ముడి కోసమే పెట్టానా? చప్పట్లన్నీ సుంకన్నకే పోతుంటే వెనక నిలబడి డప్పు కొట్టిన నాలో ఇంకేమైనా ఉండిందా? ఎంత తవ్వుకున్నా, నాకు అనుకూలమైన జవాబు దగ్గరే ఆగిపోతాను.

సుంకన్న మూడు నెలలు జైల్లో ఉన్నాడు. అక్కడా దుప్పటిని తెరగా కట్టి ఖైదీలతో నాటకం ఆడించాడట. బయట మాత్రం మరియమ్మే పోలీసులకు చెప్పిందని పుకారు పుట్టింది. నేను కాదనలేదు.

బెయిలు మీద వచ్చిన రోజు సుంకన్న నన్ను కావలించుకున్నాడు.

"మరియమ్మను ఎవురూ ఏమీ అనొద్దప్పా. బయపడి సెప్పింటాది. నువ్వైనా నిలబడినావు, సాలు."

"ఆయమ్మ కాదేమోన్నా."

"మరి ఎవురు?"

"నాకేం తెలుసన్నా" అన్నాను.

తర్వాత కేసు మూసేశారు. నా కాగితం ఎవరి కంటా పడలేదు. మరియమ్మను ఎవరూ పాటకు పిలవలేదు. ఆమె గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయి, తిరిగి రాలేదు.

ఇదే సంగతి ఇంకో ఉత్తరంలో రాశాను. రేపు సుంకన్న చేతికిస్తాను. క్షమించమని అందులో రాయలేదు. మరియమ్మ ఎక్కడుందో వెతకాలి. దొరికినా, ఆమె పోగొట్టుకున్నది నేను తెచ్చివ్వలేను.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ మాత్రం సుఖానికైనా నేను తగుతానో లేదో.

చెప్పింది నేను. మరియమ్మ కాదు.