షేడు బావ కలిపిన గ్లాసు

షేడు బావ దృష్టిలో ఈ లోకంలో క్షమించరాని నేరం ఒక్కటే: విస్కీలో ఏమీ కలపకుండా తాగడం. ఇంట్లో దొంగ దూరితే కుర్చీ వేసి కూర్చోబెడతాడేమో గానీ, నీట్‌గా తాగేవాడు ఎదురుపడితే మాత్రం ఆయనకి ఒళ్లంతా దురద పుడుతుంది. ఆ గ్లాసులో కోలాయో, నిమ్మ సోడాయో, నారింజ రసమో గుమ్మరిస్తే గానీ కుదుటపడడు.

ఆయన ఉద్యోగం రంగుల ఫ్యాక్టరీలో షేడు కలపడం. ఎవరైనా గోడపెచ్చు తెచ్చి "ఈ రంగే కావాలి" అంటే, ఏ డబ్బాలోంచి ఎన్ని చుక్కలు పడాలో కంటితోనే తేల్చేస్తాడు. ఓసారి తన పిల్లి రంగు గోడ కావాలన్నాడొకాయన. బావ ఎంత కచ్చితంగా కలిపాడంటే, ఆ గోడ పక్కన పడుకున్న పిల్లి కోసం ఇంటిల్లిపాదీ మూడు రోజులు వెతికారు. నమ్మకం లేకపోతే పిల్లినే అడగండి.

ఆ కన్ను ఇంటికొచ్చినా ఊరుకోదు. టీ కప్పుని కిటికీ వెలుగుకి పెట్టి, "ఇవాళ నాలుగో నంబరు. నిన్న మూడున్నరే" అంటాడు.

"మీరు నంబరు తాగుతారా, టీ తాగుతారా?" అంటుంది భార్య.

మేనేజరు రిటైరైన రోజు విందులో ఆయన చేతిలోని గ్లాసు లాక్కుని అల్లం సోడా పోసేశాడు బావ. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఇరవై ఏళ్లుగా మీ మొహం షేడు చూస్తున్నాను సార్. మీకు సరిపడేది ఇదే."

మేనేజరు ఓ గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఇన్నాళ్లూ మీరు మేనేజరు కదండీ."

అంతటి బావకీ లొంగని మొండిఘటం ఒకడున్నాడు. సొంత బామ్మర్ది. పై వాటాలో ఒంటరిగా ఉంటాడు, సరుకులు దించే యార్డులో క్రేన్ నడుపుతాడు. ఎనభై అడుగుల ఎత్తులో కూర్చుంటే కిందున్నవాళ్లంతా అతనికి చీమల్లా కనిపిస్తారు. దిగాక కూడా ఆ అభిప్రాయం మార్చుకోడు. సాయంత్రం కాగానే అక్క వాళ్ల బాల్కనీలో వాలిపోతాడు. ఒంటరిగా చచ్చినా తాగడు. వినేవాళ్లు లేకపోతే ఆ కోతలన్నీ ఎవరికి కొయ్యాలి?

"విస్కీలో కోలా పొయ్యడమంటే పులి నోట్లో పాలపీక పెట్టడమే బావా!"

"నీట్‌గా తాగడానికి నోరుంటే చాలురా. కలిపింది తాగడానికి నాలుక కావాలి."

ఈ యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. ఏడాది కిందట ఒక పొద్దున, క్రేన్ మీద బామ్మర్ది చెయ్యి వణికింది. కొక్కేనికి వేలాడుతున్న ఇనుప పెట్టె ఒక్క ఊపు ఊగి క్యాంటీన్ కప్పు లేపేసింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. యార్డు అధికారి మాత్రం తేల్చి చెప్పేశాడు. "ఏడాది టైమిస్తున్నా. చెయ్యి, రక్తం, రెండూ డాక్టరు పరీక్ష చేస్తాడు. తప్పావా, ఇక క్రేన్ లేదు. గేటు దగ్గర కుర్చీయే."

అక్కకి గుండె జారిపోయింది. నేల మీద నాలుగు రోజులుంటే తమ్ముడు బెంగతోనే పోతాడని ఆవిడకి తెలుసు. "మానెయ్యరా" అని బతిమాలింది. "మానేస్తే ఇంకా వణుకుతుందక్కా" అన్నాడు వాడు.

ఆ సాయంత్రమే బావ రంగంలోకి దిగాడు. "నీకు నాలుక లేదని రేపు యార్డంతా చాటిస్తాను."

"నాకా? నాకు నాలుక లేదా? కలుపు, చూద్దాం!"

అంతే, పులి పాలపీక పట్టింది. మొదటి గ్లాసు తాగి, "ఫరవాలేదు" అన్నాడు. పదో రోజుకి, "బావా, నా గ్లాసేదీ?" అనడం మొదలెట్టాడు.

అక్కకి ఒళ్లు మండిపోయింది. "వాడి ఉద్యోగం ఊడేలా ఉంటే, మీరు పైగా దగ్గరుండి కలిపి పోస్తారా?"

"నీట్ కన్నా నయం కదే."

"అబ్బో, ఎంత ఉపకారం!"

అసలు ఏం కలుపుతున్నాడో చూద్దామంటే వంటింటి తలుపు వేసేసుకుంటాడు. సందులోంచి తొంగిచూస్తే వీపు తప్ప ఏమీ కనపడదు. చెంచా చప్పుడు, ఏదో నూరుతున్న చప్పుడు, అంకెలు లెక్కపెడుతున్న గొణుగుడు.

"అందులో ఏముందండీ?"

"షేడు."

"షేడులో ఏముంది?"

"ఫ్యాక్టరీ రహస్యం."

పరీక్ష వారంలోకి వచ్చింది. తమ్ముడు ఓ సాయంత్రం, క్రేన్ కొక్కేనికి వానమబ్బుని తగిలించి పక్క యార్డు మీదికి నెట్టేసిన వైనం చెబుతూ చెయ్యి విసిరాడు. గ్లాసు చొక్కా మీద ఒలికింది. "ఇలా తే, నేను ఉతుకుతా" అంది అక్క.

ఆవిడ డ్రైక్లీనింగ్ షాపులో మరకలు తీస్తుంది. మరక చూసి, భోజనంలో ఏం తిన్నారో, ఎవరితో పోట్లాడారో కూడా చెప్పగలదు. మర్నాడు ఆ చొక్కాని షాపు బల్ల మీద పరిచి, తడి గుడ్డతో అద్దింది. వాసన చూసింది. మళ్లీ అద్దింది. ఇంటికి రాగానే చొక్కా మొగుడి ఒళ్లో పడేసింది.

"ఇందులో చక్కెరుంది, టీ ఉంది, అల్లం ఉంది, మిరియం ఉంది. విస్కీ ఏదండీ?"

బావ మొహం ఏ షేడు కార్డులోనూ లేని రంగుకి తిరిగింది. "మెల్లిగా! పైకి వినపడుతుంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదట్లో సగానికి సగం విస్కీయే. తర్వాత రోజుకో చుక్క తగ్గిస్తూ వచ్చా. రంగు ఒక్కసారిగా మారిస్తే కొన్నవాడు పట్టేస్తాడే. చుక్క చుక్కగా మారిస్తే గోడక్కూడా తెలీదు. రెండు నెలల నుంచి అసలు లేదు. వాసన కోసం గ్లాసు అంచుకి వేలితో రాస్తున్నా, అంతే."

"మరి మీ గ్లాసులో?"

"అదే. పక్కపక్కన పెడితే షేడు తేడా కనపడదూ?"

ఏడాదిగా తను తిట్టిన తిట్లన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి ఆవిడకి. "మరి మీకు తాగాలనిపించలేదా?"

"అనిపించింది. వాడి కోతలు విన్నప్పుడల్లా అనిపించింది."

పరీక్ష రోజు అక్క షాపుకి వెళ్లలేదు. సాయంత్రం తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు, మొహం ఇంత చేసుకుని.

"ఏమైందిరా?"

"అవమానం జరిగిందక్కా."

"ఉద్యోగం పోయిందా?"

"ఉద్యోగానికేం, అది ఉంది! చాచిన నా వేళ్ల మీద డాక్టరు కాయితం పరిచాడు. అది ఈ గోడలా కదలకుండా ఉంది. తర్వాత రక్తం రిపోర్టు చూసి ఏమన్నాడో తెలుసా? 'మీకు మందు అలవాటు లేనట్టుందే' అన్నాడు. నన్ను! అందరి ముందూ! ఇక యార్డులో నాకు మర్యాద ఉంటుందా?"

అక్క కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. బావ మాత్రం బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు.

"పిచ్చోడా, అది నీ ఒంటి గొప్పతనంరా! ఎంత పోసినా ఆనవాలు మిగల్చదు. యార్డులో ఎవరడిగినా నేను సాక్షిని. ప్రతి గ్లాసూ నా చేత్తో కలిపిందే. ఎంత పోశానో నాకే తెలుసు."

బామ్మర్ది ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అంతేనంటావా? అయితే ఇవాళ పండగే. నీట్‌గా పొయ్యి బావా!"

బావ పెళ్లాం వంక చూశాడు. ఆవిడ లేచింది.

"మీరిద్దరూ కూర్చోండి. ఇవాళ నేను కలుపుతా."

వంటింటి తలుపు మూసుకుంది. చెంచా చప్పుడు, నూరుతున్న చప్పుడు, మిరియాల డబ్బా బోర్లించిన చప్పుడు. గ్లాసు తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. వాడు ఒక్క గుక్క వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు.

"అమ్మో, ఇంత పోశావేంటక్కా! సగం తీసెయ్యి, పొద్దున్నే క్రేన్ ఎక్కాలి."