లాడ్జీ కిటికీల కింద స్నానాల గది

మా అక్క మునిరత్నమ్మ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. తిరుపతిలో ఆమె ఇంటి పక్కన లాడ్జీ లేచినప్పుడు కూడా, పోన్లే, నాలుగు దీపాలు వెలిగితే వీధికి వెలుగు అనుకుంది. వెలుగూ లేదు, వల్లకాడూ లేదు. మేడ మీది కిటికీలన్నీ తిన్నగా అక్క పెరట్లోకి తెరుచుకున్నాయి.

పెరట్లో ఆమె స్నానానికి ఉన్నది ఒక బండ, చుట్టూ తాటాకు దడి. పైన కప్పు లేదు. అంతవరకు ఆ అవసరమూ రాలేదు. ఇప్పుడు పళ్లు తోముకునేవాళ్లు, బీడీలు కాల్చేవాళ్లు, అందరూ ఆ కిటికీల్లోనే. దేవుణ్ణి చూడ్డానికొచ్చిన మనుషులకు ఇవేం చూపులు? తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అక్క కోడి కూయకముందే లేచి, చీర మీదే నాలుగు చెంబులు గుమ్మరించుకుని బయటపడేది. తలంటు మానేసింది.

బావ వెంకటముని బస్సు డిపోలో మెకానిక్కు. లాడ్జీ యజమాని పరంధామయ్య దగ్గరికెళ్లి, ఆ కిటికీలకు కనీసం మసక అద్దాలైనా పెట్టించమని బతిమాలాడు.

"మా కిటికీలు మా గోడకుండాయప్పా. మీకు ఇబ్బందైతే మీరే కప్పేసుకోండి," అన్నాడట ఆ పెద్దమనిషి, ఆకువక్క నములుతూ.

కప్పేసుకోవడానికి బేల్దార్లేరీ? గోడ కట్టగలిగిన ప్రతివాడూ లాడ్జీల పనిలోనే ఉన్నాడు. చివరికి మొగుడూ పెళ్లామే దిగారు. అక్క మట్టి తొక్కింది, బావ ఇటుక పేర్చాడు. గోడ ఒక పక్కకు వాలితే పడగొట్టి మళ్లీ పేర్చారు. పైన రేకులు వేశారు. మా ఇళ్లల్లో వేణ్ణీళ్ల కాగు స్నానం చేసే చోటే ఉండాలి కాబట్టి పొయ్యినీ, రాగి కాగునూ లోపలికే తెచ్చారు. ఎక్కడ సందు కనిపించినా అక్క మట్టి మెత్తింది.

"ఈడ వెలుతురొస్తా ఉండాది సూడయ్యా," అని రేకు అంచు చూపించేది. బావ అదీ మూసేవాడు.

మరి పొగ ఎటు పోతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆరుబయట పొయ్యికి అలవాటుపడ్డవాళ్లకు ఎలా తడుతుంది? వాళ్ల బుర్రల నిండా ఆ పాడు కిటికీలే.

గది పూర్తయ్యాక వచ్చిన శుక్రవారం నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. అక్క తలకు నూనె పెట్టుకుని, కట్టెలు ఎగదోసి, తలుపు గడియ వేసుకుంది. ఎన్నాళ్లకో పట్టపగలు తలంటు. కాసేపటికి దగ్గు వినబడింది. తర్వాత తలుపు దబ్బున తెరుచుకుంది. ఊపిరాడక, కళ్లు కనబడక, తడిచీరతో మా అక్క పెరటి నడుమకొచ్చి పడింది. నేను దుప్పటి తీసుకుని పరుగెత్తేలోపే పైన నవ్వులు. ఒకడు ఈల కూడా వేశాడు. వాడి నోరు పడిపోను!

అక్క ఏడుస్తుందనుకున్నాను. దుప్పటి కప్పుకుని ఆ కిటికీల వంకే చూస్తూ నిలబడింది.

"ఏమయ్యా, గుజిరీ అంగట్లో పాత ఇనప గొట్టం దొరుకుతాదా?" అని బావనడిగింది.

సాయంత్రానికల్లా గోడకు కన్నం పడింది. గొట్టం మూతి సరిగ్గా లాడ్జీ కిటికీల వైపు. మర్నాడు అక్క పొయ్యిలో పచ్చి కొబ్బరి మట్టలు పెట్టింది.

పరంధామయ్య దగ్గుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, మీ పొగంతా మా రూముల్లోకి వస్తా ఉండాది! యాత్రికులు ఖాళీ చేసి పోయినారు!"

అక్క తల కూడా ఎత్తలేదు. "మా గొట్టం మా గోడకుండాదన్నా. మీకు ఇబ్బందైతే మీరే కిటికీలు మూసుకోండి."

మూసుకున్నారు. వీధిలో అందరూ అక్క తెలివిని మెచ్చుకున్నారు. నాకు మాత్రం కోపం చల్లారలేదు. మర్యాదగా అడిగితే ఒక్క అద్దం మార్చని మనిషి, కళ్లు మండేసరికి అన్నీ మూయించాడు! ఆమె పడ్డ సిగ్గు ఎవడికి పట్టింది?

ఇప్పటికీ అక్క స్నానానికి వెళ్లేముందు పొయ్యిలో ఒక పచ్చి మట్ట పెడుతుంది. బయటికొచ్చి, పొగ ఆ కిటికీల దాకా పోయిందని చూసుకున్నాకే లోపలికెళ్లి గడియ వేసుకుంటుంది.