ఆంజనేయుడు నిలవని టాంకు

2023 ఎండాకాలం. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు వెళ్లే దారిలో, ఒక టైర్ల దుకాణం వెనక ఉంటుంది నా షెడ్డు. పాత మోటార్ సైకిళ్లను విప్పి కొత్త రూపంలో కట్టివ్వడం నా పని. నాకు ఒకచోట కూర్చునే అలవాటు లేదు. వెల్డింగ్ చల్లారేదాకా కూడా ఆగలేక షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతుంటాను. "కాళ్లకు చక్రాలున్నయా యాదయ్యా" అని టైర్ల దుకాణపాయన రోజూ అంటాడు. ఆ ఎండాకాలం నా కాళ్లు మరీ ఆగలేదు. కారణం ఒక పెట్రోల్ టాంకు.

ప్రవీణ్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాడు. మేనమామ ఇచ్చిన పాతకాలపు సింగిల్ సిలిండర్ బండిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. వెంట వాళ్లమ్మ సత్తెమ్మ. అంతకుముందు ఏడాది యాక్సిడెంట్ అయి అతని ఎడమ కాలిలో రాడ్ వేశారు. నడుస్తాడు, గేర్లు వేస్తాడు. కానీ సిగ్నల్ దగ్గర ఆగి ఆ కాలు కింద పెడితే, బండి బరువుకు మోకాలు నిలవడం లేదు. ఒకసారి నడిరోడ్డు మీద బండితో సహా ఒరిగిపోయాడు. ఆ రోజు నుంచి తాళంచెవి సత్తెమ్మ కొంగుకే ఉంది.

"కెఫె రేసర్ చేసియ్యన్నా. బరువు తగ్గాలె. నా కాలు ఆపగలగాలె, గంతే" అన్నాడు ప్రవీణ్.

కెఫె రేసర్ అంటే అనవసరమైన సామానంతా పీకేసి, కిందికి వంచిన హ్యాండిల్, ఒంటి సీటు, సన్నని పొడవాటి టాంకు పెట్టిన బండి. అందులో అందరి కళ్లూ పడేది టాంకు మీదే. బరువు సంగతీ అక్కడే తేలుతుంది, ఎందుకంటే అది పైన ఉంటుంది. పైనున్న బరువే బండిని పక్కకు లాగుతుంది.

పాత టాంకు మీద, కింద అయస్కాంతం ఉన్న చిన్న ఆంజనేయుడి బొమ్మ ఉంది. కర్మన్‌ఘాట్ గుడి ముందు కొన్నదట. పాత టాంకుకు ఎక్కడ లప్పం, అంటే సొట్టలు పూడ్చే పుట్టీ, పెట్టి రంగు పూశారో తెలుసుకోవాలంటే మేం అయస్కాంతం ఆనించి చూస్తాం. లప్పం మందంగా ఉన్నచోట అది పట్టదు. ఆ రోజు నా అయస్కాంతం కనిపించలేదు. వెతికే ఓపిక నాకెక్కడిది? సత్తెమ్మను అడిగి ఆ బొమ్మనే తీసి ఆనించాను. కుడివైపు గట్టిగా నిలిచింది. ఎడమవైపు సర్రున జారింది. గీకి చూస్తే లప్పం కింద ఇనుమంతా తుప్పు.

"చూసినవా అక్కా! స్వామి నిలిచిన కాడ ఇనుము మంచిగున్నట్టు. జారిన కాడ నమ్మొద్దు" అన్నాను సరదాగా. ఆమె నవ్వలేదు. బొమ్మను కళ్లకద్దుకుని కొంగులో కట్టుకుంది.

కొత్త టాంకు దేంతో చేయాలన్నది అసలు తలనొప్పి. ప్రవీణ్ మనసు ఫైబర్ మీద పడింది. తేలిక, ఏ ఆకారం కావాలన్నా వస్తుంది. కానీ ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది. ఫైబర్‌ను పట్టి ఉంచే రెజిన్ అనే జిగురును అది మెత్తబరుస్తుంది. నోటితో చెబితే లెక్చరర్ వింటాడా? ఒక పగిలిన ఫైబర్ టాంకు ముక్కను గాజు సీసాలో పెట్రోల్ పోసి నానబెట్టాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, టీ తాగాక మళ్లీ ఒకసారి మూత తీసి గిచ్చి చూసేవాణ్ణి. కొన్ని వారాలకు దాని పైభాగం బెల్లం పాకంలా వేలికి అంటుకుంది.

"లోపట కోటింగ్ ఏస్తే?" అన్నాడు ప్రవీణ్.

"ఆ కోటింగ్ లేసిందనుకో, ఏం జేస్తవ్? టాంకు కింద కాలుతున్న ఇంజన్, టాంకు మీద నువ్వు. పెట్రోల్ కారితే యాడికి దుంకుతవ్, గా కాలుతోని?"

అతను సీసా మూత పెట్టి పక్కకు జరిపాడు.

నా ఓటు ఇనుప రేకుకే. వంచొచ్చు, అతకొచ్చు, సొట్ట పడితే తీయొచ్చు. కానీ బరువు. మిగిలింది అల్యూమినియం. తేలిక, తుప్పు భయం అంతగా లేదు. అయితే దాన్ని బయటి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ వదులుతూ, టిగ్ అనే సన్నని వెల్డింగ్‌తో ఓపిగ్గా అతకాలి. సింగిల్ సిలిండర్ బండి అదురుకు అతుకులు చిట్లుతాయి కూడా. అందుకే ఫ్రేముకు బిగించకుండా రబ్బర్ల మీద కూర్చోబెట్టాలి. ఓపిక లేని నా చేతికి ఓపిక అడిగే లోహం వచ్చింది.

చేశాను. లోపలికి కొద్దిగా గాలి కొట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూసి, బుడగలు వస్తాయేమోనని చూశాను. రాలేదు. అయినా నమ్మకం కలగక మళ్లీ పూశాను. ఇంజన్ నడుపుతూ అతుకుల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. కూర్చున్నానంటే టైర్ల దుకాణపాయన నమ్మడు.

బండి తీసుకెళ్లే రోజు తల్లీకొడుకులు ఇద్దరూ వచ్చారు. ప్రవీణ్ ముఖం వెలిగిపోతోంది. సత్తెమ్మ కొంగు ముడి విప్పి, ఆంజనేయుణ్ణి మెరిసే టాంకు మీద పెట్టింది. చెయ్యి తీయగానే బొమ్మ జారి కింద పడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. కుడివైపు, ఎడమవైపు, మధ్యలో, ఎక్కడా నిలవలేదు.

"అమ్మా, అల్యూమినియంకు అయస్కాంతం అంటదే!" అన్నాడు ప్రవీణ్.

"నాకు తెల్వదారా? మనింట్ల గిన్నెలు లెవ్వా?" అంది ఆమె. "అన్నీ తెల్సు. నువ్వు నడిరోడ్డు మీద బండితోని ఒరిగిననాడు గీ స్వామి ఎగిరి మురికి మోరీల పడ్డడు. దేవులాడి తెచ్చి కడుక్కున్న. ఇయ్యాల మల్ల జారుతుంటే నా గుండె ఆగుతలేదు. ఏం జెయ్యాలె?" నా వైపు తిరిగి, "జారిన కాడ నమ్మొద్దన్నది నువ్వే గదా తమ్మీ" అంది.

బొమ్మను జిగురుతో అతికిస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె ముఖం చూశాక అనలేకపోయాను. తాళంచెవి ఇంకా ఆమె పిడికిలిలోనే ఉంది. షెడ్డులో మూడు నాలుగు చుట్లు తిరిగాను. మూలన పాత టాంకు కనిపించింది.

"అక్కా, రేపు రా. ఇంకో చిన్న పనుంది" అన్నాను.

పెట్రోల్ టాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ భయం. లోపలి ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని బాగా కడిగి, నిండా నీళ్లు నింపి, చేతిరంపంతో కోశాను. కుడివైపు, స్వామి గట్టిగా నిలిచిన చోటు నుంచి పొడవాటి ఇనుప పట్టీ తీశాను. పాత కెఫె రేసర్లకు టాంకు మీదుగా ముందు నుంచి వెనక్కి అలాంటి పట్టీ ఒకటి ఉంటుంది. టాంకును కిందికి అదిమి పడుతుంది. ఇనుము, అల్యూమినియం నేరుగా తగిలితే తడికి అల్యూమినియం తినేసుకుపోతుందని మధ్యలో రబ్బరు వేసి కొత్త టాంకు మీద బిగించాను.

మర్నాడు సత్తెమ్మ బొమ్మను ఆ పట్టీ మీద పెట్టింది. టక్కున పట్టుకుంది. వేలితో తోసింది, కదల్లేదు. గుంజి చూసింది. "గిది మా తమ్ముని బండి ఇనుమే గదా?" అంది.

"గదే అక్కా. స్వామి నిలిచిన కాడిదే."

తాళంచెవి కొడుకు చేతిలో పెట్టింది. ప్రవీణ్ బండి ఎక్కి రోడ్డు దాకా వెళ్లాడు. అడ్డంగా సిటీ బస్సు వస్తే ఆగి ఎడమ కాలు దించాడు. సత్తెమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మోకాలు కాస్త వణికింది, నిలిచింది. బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను కూడా.

ఇప్పుడు ఎవరైనా టాంకు చేయించుకోవడానికి వస్తే ఇనుమా, అల్యూమినియమా అని ముందే అడగను. "నువ్వు బండి తీస్తే ఇంట్ల ఎవరికి భయమైతది? వాళ్లను గూడ తోల్కరా" అంటాను. వాళ్లు వచ్చేదాకా షెడ్డు ముందు తిరుగుతుంటాను.