నన్ను చంపిన సినిమా

నా వయసుకు హీరో తల్లి వేషం కూడా ఎక్కువే అనుకున్నారేమో, చచ్చే వేషం ఇచ్చారు. ఏదో పాత రష్యన్ నవలట. చేతిలో పైసా లేని విద్యార్థి వడ్డీలకిచ్చే ముసలిదాన్ని గొడ్డలితో చంపి, ఆ పాపం మోయలేక నలిగిపోతాడట. మా కుర్ర డైరెక్టర్ ఆ విద్యార్థిని ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్ని చేశాడు, గొడ్డలిని జాకీ రాడ్ చేశాడు. ముసలిది మాత్రం ముసలిదే. అది నేను.

పెళ్ళికి ముందు గుంటూరులో నాటకాలు ఆడేదాన్ని. పెళ్ళయ్యాక మావారు ముఖానికి రంగు వద్దన్నారు. నా నాటకం ఒక్కటీ చూడలేదనేవారు. ఆయన నోట ఒక్క మెచ్చుకోలు మాట కోసం ఇన్నేళ్ళూ లోలోపల ఉడికిపోయాను. ఇప్పుడాయనకు మతిమరుపు జబ్బు. వద్దనడం కూడా మర్చిపోయారు కాబట్టి ఒప్పేసుకున్నాను.

ఎయిర్‌పోర్టు పక్కనే సాతంరాయిలో ఒక పాత ఇంట్లో షూటింగు. కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టి మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. విమానం వెళ్ళినప్పుడల్లా ఆ మోతకు అంతా ఆపేసి కూర్చోవాలి. ఆయన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టాను.

నేను ఎర్ర రంగులో బోర్లా పడి ఉండగా ఆయన లోపలికి వచ్చేశారు. ఒక్క కేక పెట్టారు. నేను లేచి, ముఖం కడుక్కుని, "ఏమండీ, నేనేనండీ" అన్నాను. నా వైపు చూడలేదు.

మేకప్ అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ గాకు బాపు, గిదంతా షూటింగే. అమ్మ మంచిగనే ఉన్నది, జర సూడు."

చచ్చే వేషం వేసినవాళ్ళు చివర్లో కెమెరా వైపు నవ్వాలి, కీడు పోవడానికి. నేనూ పళ్ళికిలించాను. కెమెరాకు పట్టిన కీడు పోయిందేమో గానీ మాది పోలేదు.

ఆ రోజు నుంచి ఆయన లెక్కలో నేను చచ్చిపోయాను, నన్ను వంటకు పెట్టుకున్న మనిషి అనుకుంటున్నారు. నా ఎదుటే నా కోసం ఏడుస్తుంటే ఓదార్చాలో తిట్టాలో తెలియదు. డాక్టరు మాత్రలు మార్చాడు. ఏమీ మారలేదు.

ఒక మధ్యాహ్నం పప్పు వడ్డిస్తుంటే అన్నారు: "మా ఆవిడ గొప్ప నటి అండీ. పెళ్ళికి ముందు దొంగచాటుగా వెళ్ళి నాటకం చూశాను. హాలంతా ఏడ్చింది. అందరూ ఆమెనే చూస్తుంటే ఓర్వలేకపోయాను."

నాకు సంతోషం కలగలేదు. ఇన్నేళ్ళు దాచుకుని ఇప్పుడా అని ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద కోప్పడను?

"ఆవిడకు తెలిసే ఉంటుంది లెండి" అన్నాను.

"తెలిసుంటే బాగుండేదండీ" అని ఆయన అన్నం కలుపుకున్నారు.