ఎగరని విమానానికి పనిముట్ల లెక్క

మా వీధిలో స్కూటర్ మెకానిక్ పొద్దున్నే బోల్టులన్నీ కిరసనాయిల్లో వేసి కడుగుతాడు. ఆ వాసన వంటింటి కిటికీలోంచి వస్తే ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మరిచి నిలబడిపోతాను. మస్తాన్ సార్ చేతులెప్పుడూ అదే వాసన వేసేవి.

విమానాలు బాగుచేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, బాపట్ల దగ్గర చిన్న ఎయిర్‌పోర్టు పక్కన రేకుల షెడ్డులో ఉన్న విమానాల మ్యూజియం ఆయన చూసుకునేవారు. ఉన్నది ఒక్కటే అసలు విమానం, అదీ ఇద్దరు పట్టే పాత శిక్షణ విమానం. మిగతావి ఇంజన్లు, రెక్క ముక్కలు, ఫొటోలు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నేను తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లి, టిక్కెట్లు ఇచ్చి, వచ్చినవాళ్లకు విమానం ఎలా ఎగురుతుందో వివరించేదాన్ని. అప్పటికి నేను విమానం ఎక్కిన పాపాన పోలేదు.

గోడకు ఒక చెక్క బల్ల ఉండేది. దాని మీద ప్రతి పానా, ప్రతి స్క్రూడ్రైవర్ ఆకారం ఎర్ర రంగుతో గీసి ఉండేది. సాయంత్రం అన్నీ వాటి చోట్లకు చేరితేనే షెడ్డుకు తాళం. ఒక్క బొమ్మ ఖాళీగా ఉన్నా ఎవరూ ఇంటికి కదలకూడదు. పనిముట్టు విమానంలో ఉండిపోతే ప్రాణాల మీదికొస్తుందని ఆయన పాత ఉద్యోగంలో రూలట. రైలు తప్పిపోతుందని నాకు ఒళ్లు మండేది. "ఎగరని విమానానికి ఇంత లెక్కేంటండి సార్?" అని ఒకరోజు అనేశాను. ఆయన నవ్వి, "అది ఎగరదని మనకి తెలుసమ్మా. లోపల కూర్చునే పిల్లలకి తెలీదు కదా. వాళ్లు ఎగిరే విమానంలోనే కూర్చుంటారు," అన్నారు.

ఒక సాయంత్రం ఆయన పొన్నూరు వెళ్తూ లెక్క నాకు అప్పజెప్పారు. ఆ మధ్యాహ్నం పైలట్ సీటు దగ్గర ఊడిన రేకు బిగించింది నేనే. చూస్తే చిన్న స్క్రూడ్రైవర్ లేదు. రైలుకు టైమైంది. తాళం వేసి వచ్చేశాను. మర్నాడు తెనాలిలో అలాంటిదే కొని, కొత్తగా కనిపించకుండా పిడిని మట్టిలో రుద్ది, సార్ రాకముందే తగిలించాను. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా. పాతదాని పిడి మీద ఆయన ఆకురాయితో పెట్టుకున్న గీత ఒకటుందని నాకు తెలియదు.

మూడో రోజు రేపల్లె నుంచి స్కూలు బస్సు వచ్చింది. పిల్లలు గేటు దగ్గర వరస కట్టారు. సార్ ఏదో పనికని ఆ స్క్రూడ్రైవర్ తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ తగిలించారు. ఎవరి పనని అడగలేదు. నేరుగా గేటు దగ్గరికి వెళ్లి టీచరుతో, "ఏమనుకోకండమ్మా. పనిముట్టొకటి కనిపించట్లేదు. అది దొరికేదాకా పిల్లల్ని విమానం ఎక్కించలేనండి. పొరపాటు నాది," అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముందు వరసలోని పాప, "దానికోసమే వచ్చాం తాతా," అని ఏడుపు మొహం పెట్టింది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆయనది కాదండి, పొరపాటు నాది," అని టీచరు ముందే చెప్పేశాను. సార్ నా వైపు తిరిగి, "చివరిసారి ఎక్కడ వాడావమ్మా?" అని మాత్రం అడిగారు. సీటు ఊడదీశాం. కాళ్లతో తొక్కే పెడల్ వెనక, మొన పైకి ఉండేలా ఇరుక్కుని ఉంది. అప్పటికి ఎంతమంది పిల్లల పాదాలు అక్కడ ఆడాయో అనుకుంటూ దాన్ని తీసి సార్ చేతికిచ్చాను.

"ఎవరికీ ఏం కాలేదుగా. పద, పిల్లల్ని పిలు," అన్నారు.

బస్సు పక్కన పులిహోర తింటున్న పిల్లలు చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు. ఆ పాపనే ముందు ఎక్కించాం. ఆ సాయంత్రం కూడా ఆయన ఎప్పటిలాగే, "లెక్క చూడమ్మా," అని తాళాలు నా చేతిలో పెట్టారు. నేను ఏడ్చేశాను.

సార్ పోయి నాలుగేళ్లయింది. ఆయన వల్ల నేను మారిపోయానని గొప్పలు చెప్పను. తప్పు చేస్తే ఇప్పటికీ నా కాళ్లు ముందు దుకాణం వైపే లాగుతాయి. పోయిన నెల మా అత్తగారి వెండి కుంకుమ భరిణె పోగొట్టినప్పుడూ అంతే, అలాంటిదే కొనాలని బజారుకు సగం దూరం వెళ్లాను. చెయ్యని తప్పుకు పిల్లల ముందు చేతులు కట్టుకున్న ఆ పెద్దాయన గుర్తొచ్చారు. ఇంక అడుగు పడలేదు. వెనక్కి వచ్చి, "అత్తయ్యా, మీ భరిణె నేనే పోగొట్టానండి," అన్నాను.